బెయిలు ఇచ్చే ముందు యంత్రాన్ని అడగవచ్చా?

చంపావతి: 2023 మార్చిలో పంజాబ్, హర్యానా హైకోర్టు ఒక బెయిలు పిటిషన్ విచారణలో చాట్‌జీపీటీని కూడా ప్రశ్నించింది, కేసు గుణదోషాలకు ఆ జవాబుతో సంబంధం లేదని ఉత్తర్వులోనే రాసింది. నిందితుడు మళ్లీ నేరం చేస్తాడా అన్న అంచనాను కృత్రిమ మేధకు అప్పగించడం మన కోర్టులకు తగునా?

నాగావళి: తగును. మా తమ్ముడికి బెయిలు వచ్చాక కూడా నెలన్నర సబ్‌జైలులోనే ఉన్నాడు. పార్వతీపురంలో ఉన్న మా మేనమామ జామీను ఉంటానంటే, జిల్లాలు విడిపోయాయి కనుక ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. యంత్రానికి మొహమాటం లేదు, అది మనిషి చొక్కా చూసి నిర్ణయించదు.

చంపావతి: చొక్కా చూడదు గానీ పేట చూస్తుంది. నిందితుడు మళ్లీ నేరం చేసే అవకాశానికి మార్కు వేసే కంపాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అమెరికాలో వాడతారు, దాని ప్రశ్నావళి జాతి అడగదు. తల్లిదండ్రులు జైలుకు వెళ్లారా, చుట్టుపక్కల నేరాలు ఎక్కువా అని అడుగుతుంది. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీ లెక్కలను 2016లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ పరిశీలిస్తే, మళ్లీ నేరం చేయని నల్లజాతీయుల్లో దాదాపు 45 శాతం మందికి, తెల్లవారిలో 23 శాతం మందికి ప్రమాదకరులన్న ముద్ర పడిందని తేలింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకనుబట్టే ముద్ర వేసిన దేశంలో, పాత పోలీసు రికార్డులతో యంత్రానికి ఏం నేర్పుతాం?

గంటస్తంభం: ఒకే మార్కు వచ్చినవారు ఏ జాతివారైనా దాదాపు ఒకే నిష్పత్తిలో మళ్లీ నేరం చేశారని కంపాస్ తయారుచేసిన కంపెనీ చెప్పిన జవాబును కూడా రాయండి.

నాగావళి: ఫ్లోరిడా లెక్కలు ఇంత ఓపికగా రాశారు, మా తమ్ముడి నెలన్నర గురించి ఒక్క మాట రాయలేదు!

టెక్కలి వకీలు: నాగావళి గారూ, బెయిలు వచ్చింది కదా, ఆపింది జామీను. జామీనుదారుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించడాన్ని 1978లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుబట్టారు. ఇందులో యంత్రం ఊహించవలసినది ఏముంది?

నాగావళి: ఆ తీర్పు సంగతి మాకు చెప్పినవారు లేరు. ఎందుకు కాదన్నారో కాగితం మీద రాసి ఇవ్వనూ లేదు. యంత్రమైతే కారణం చెబుతుందనే నా ఆశ.

చంపావతి: అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో కంపాస్ మార్కును కూడా చూసి శిక్ష వేస్తే, లూమిస్ అనే ముద్దాయి అడిగినది ఆ కారణమే. మార్కు కట్టే పద్ధతి వ్యాపార రహస్యమని కంపెనీ చూపలేదు. 2016లో అక్కడి సుప్రీంకోర్టు హెచ్చరికలు జోడించి శిక్షను ఖాయం చేసింది. మనిషి ఇచ్చిన ఉత్తర్వు మీదనైతే పై కోర్టుకు వెళ్లవచ్చు.

నాగావళి: పై కోర్టుకు వెళ్లే స్తోమత ఉంటే జామీను కోసం తిరిగేవాళ్లం కాదు.

టెక్కలి వకీలు: నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఇస్తుంది. సబ్‌జైలులో ఆ మాట ఎవరూ చెప్పలేదా?

నాగావళి: చెప్పలేదండీ.