‘కబీరియా’ ఎవరి సినిమా: కవిదా, తీసినవాడిదా?

పాతరీలు:
1914 ఏప్రిల్‌లో ఇటలీలోని తూరిన్‌లో విడుదలైన మూకీ సినిమా ‘కబీరియా’ పబ్లిసిటీ అంతా కవి గాబ్రియేలే దాన్నుంజియో పేరు మీదే నడిచింది. తీసిన జొవాన్ని పాస్త్రోనే పేరు వెతుక్కోవాలి. నన్నడిగితే ఇది పచ్చి మోసం. కథ అల్లుకున్నదీ, సెట్లు వేయించిందీ, షూటింగ్ చేసిందీ పాస్త్రోనే. దాన్నుంజియో అప్పులవాళ్ల బాధ పడలేక 1910లోనే ఫ్రాన్స్ చెక్కేశాడు, అక్కడే ఉండి టైటిల్ కార్డులు (మూకీలో సీన్ల మధ్య తెర మీద చూపించే రాతలు) రాసి, పాత్రలకు పేర్లు పెట్టి 50,000 లీరాలు పుచ్చుకున్నాడంటారు. మన దగ్గర రాసినవాడి పేరు ఎగిరిపోతుందని గొడవ, అక్కడేమో కథ రాయనివాడి పేరు ఎక్కింది!

రెండో ఆట:
మోసం ఎలా అవుతుందండీ, బేరం అది. అమ్మినవాడికీ కొన్నవాడికీ తెలిసే జరిగింది. అప్పట్లో సినిమాకి వెళ్లడమంటే చదువుకున్నవాళ్లకు నామోషీ. వాళ్లను హాల్లోకి రప్పించడానికే పాస్త్రోనే కవి పేరు కొన్నాడు, సంగీతకారుడు పిజ్జెత్తితో ‘అగ్ని సింఫనీ’ కట్టించాడు. పేర్లు పెట్టడాన్ని అంత తీసిపారేయకండి. జెనోవా రేవులో మూటలు మోసిన బార్తొలొమెయో పగానో ఈ సినిమాలో బానిస వేషం వేశాడు, ఆ పాత్రకు కవిగారు ‘మచీస్తే’ అని పెట్టారు. తర్వాత పదేళ్లకు పైగా ఆ పేరుతోనే వరసగా సినిమాలొచ్చాయి, జనానికి పగానో అంటే మచీస్తేనే.

పాతరీలు:
పేరు నిలబడింది సరే, తెర మీద పనిచేసిందేంటి? మొలోక్ అనే దేవుడి గుడి సీన్ చూడండి. కంచు విగ్రహం గుండె దగ్గర తలుపు తెరుచుకుంటుంది, లోపల మంట, అందులోకి పసిపిల్లల్ని తోసేస్తుంటారు. కార్డు ఒక్కటీ చదవకపోయినా వణుకు పుడుతుంది. ఇక చక్రాల బండి మీద కెమెరా పెట్టి ఆ సెట్ల మధ్య మెల్లగా ఏటవాలుగా జరపడం, దానికి పేటెంట్ తీసుకున్నది పాస్త్రోనే, కవిగారు కాదు. కార్డులు చదివితే నాకైతే హరికథలో దండకం అడ్డొచ్చినట్టుంటుంది.

చీకటి హాలు:
మీరిద్దరూ ఒక్క ‘కబీరియా’నే పట్టుకుని లాగుతున్నారు. దాన్నుంజియో ప్రభావం చూడాలంటే 1915లో ఇదే పాస్త్రోనే పియెరో ఫోస్కో అన్న మారుపేరుతో తీసిన ‘ఇల్ ఫువోకో’ చూడండి, అంటే ‘నిప్పు’. 1900లో వచ్చిన దాన్నుంజియో నవల పేరు కూడా అదే, కథ మాత్రం వేరు. అందులో నటి పీనా మెనికెల్లి గుడ్లగూబలాంటి టోపీ పెట్టుకుని, పేద చిత్రకారుణ్ణి తన కోటకు తీసుకుపోయి, తర్వాత వదిలేస్తుంది. ఆ కళ్లు, ఆ విరుపులు, ప్రేమంటే కాలి బూడిదవడమే అన్న ఆ ధోరణి, అదంతా దాన్నుంజియో నవలల గాలే. అప్పటి ఇటలీ ‘దివా’ల (పెద్ద స్టార్ హీరోయిన్ల) సినిమాలు చాలావాటికి ఆ గాలి సోకింది. ‘కబీరియా’లో ఆయన పేరుంది, దీంట్లో పేరు లేకపోయినా ఆయనే ఉన్నాడు. పాతరీలు గారూ, దీనికి కార్డులు అడ్డమని మాత్రం అనకండి, ఉన్నవే కొన్ని.