పెళ్లిరోజు కానుకకి మాయాచదరం బొమ్మ: లెక్కలో మైనస్ ఒకటి వస్తోంది, పైగా 1కి 8 పడదంటున్నారు

రంగులడబ్బా:
24 × 24 అంగుళాల కాన్వాస్, యాక్రిలిక్ రంగులు. కానుక అందుకునే దంపతులకు న్యూమరాలజీ మీద గురి ఎక్కువ. అబ్బాయి ఏప్రిల్ 17న పుట్టాడు (మూలాంకం, అంటే పుట్టిన రోజు అంకెల్ని ఒక్క అంకె మిగిలేదాకా కూడితే వచ్చేది, 8), అమ్మాయి సెప్టెంబరు 28న (మూలాంకం 1). పెళ్లి 16-02-2025న జరిగింది. రామానుజన్ పుట్టినరోజు చదరం అని చెప్పుకునే పద్ధతిలో, పెళ్లి తేదీని పైవరుసలో పెట్టి చేస్తే ఇలా వచ్చింది:

16, 2, 20, 25
26, 19, −1, 19
0, 18, 27, 18
21, 24, 17, 1

ఎటు కూడినా 63 వస్తోంది, అంతవరకూ బాగుంది. కానీ పెళ్లిరోజు కానుక మీద సున్నా, మైనస్ ఒకటి ఎలా రాస్తాం? 18, 19 రెండేసిసార్లు పడ్డాయి కూడా. రెండో సందేహం: 1, 8 పక్కపక్కన ఉండకూడదని ఎవరో అన్నారట. అలాంటి నియమం నిజంగా ఉందా?

లెక్కలమాస్టారు:
మీ లెక్క తప్పలేదండీ, సూత్రమే మీ తేదీకి నప్పలేదు. అది రామానుజన్ పుట్టినరోజు 22-12-1887కి అతికినట్టు సరిపోతుంది. అందులో నెల 12, కాబట్టి దానిలోంచి 3 తీసేసినా 9 మిగులుతుంది. మీ నెల 2. అందులోంచి 3 తీస్తే మిగిలేది మైనసే.

పైవరుసను అ, ఆ, ఇ, ఈ అనుకోండి. పాత సూత్రంలో కూడికలున్న చోట తీసివేతలు, తీసివేతలున్న చోట కూడికలు పెట్టండి:

అ, ఆ, ఇ, ఈ
ఈ−1, ఇ+1, ఆ+3, అ−3
ఆ+2, అ−2, ఈ−2, ఇ+2
ఇ−1, ఈ+1, అ−1, ఆ+1

ప్రతి వరుసలోనూ అ, ఆ, ఇ, ఈ ఒక్కోసారి వస్తాయి, పక్కనున్న కూడికలూ తీసివేతలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే గుర్తులు తిప్పినా మొత్తం మారదు. మీ తేదీకి:

16, 2, 20, 25
24, 21, 5, 13
4, 14, 23, 22
19, 26, 15, 3

పదహారూ వేర్వేరు అంకెలు, అన్నీ ధనసంఖ్యలే. అడ్డం, నిలువు, రెండు కర్ణాలు, నాలుగు మూలలు, మధ్య నాలుగు గళ్లు, నాలుగు మూలల్లో ఏ మూలనున్న 2 × 2 ముక్క తీసుకున్నా 63. జనవరి, ఫిబ్రవరి, మార్చి తేదీలకు ఈ తిప్పిన సూత్రమే వాడండి. కాకపోతే తేదీ 1, 2, 3 అయితే ఇదీ పనికిరాదు, అప్పుడు ‘అ−3’ సున్నాకో మైనస్‌కో దిగుతుంది.

ఒక మాట. 63ని కలిపితే 9. పెళ్లి తేదీ అంకెలన్నీ కలిపినా 18, అంటే 9. ఇది మహిమేమీ కాదు. ఏ సంఖ్యను 9తో భాగించినా, దాని అంకెల మొత్తాన్ని 9తో భాగించినా శేషం ఒకటే. కాబట్టి ఏ తేదీతో చేసినా చదరం మొత్తం ఆ తేదీ భాగ్యాంకానికే (రోజు, నెల, సంవత్సరం అంకెలన్నీ కలిపి కుదిస్తే వచ్చేదానికే) దిగుతుంది. దంపతులకు మాత్రం చెప్పండి, సంతోషిస్తారు.

తొమ్మిదిగ్రహాలు:
1, 8 సంగతి. మన పద్ధతిలో 1 సూర్యుడు, 8 శని. తండ్రీకొడుకులే అయినా పడదని పురాణాల మాట, దాన్నే అంకెలకూ అంటించారు. 3 గురువు, 6 శుక్రుడు కాబట్టి ఆ జంటకీ అదే మాట. 5 బుధుడు, అందరితో సర్దుకుపోతాడని లెక్క, అందుకే పేచీ ఉన్నచోట 5ని మధ్యవర్తిగా పెడతారు. గ్రీసులో పైథాగరస్ శిష్యులు 5ని పెళ్లి అంకె అన్నారు, వేరే కారణంతో: 2 స్త్రీ, 3 పురుషుడు, రెండూ కలిస్తే 5.

పొంతన ముఖ్యంగా చూసేది ఇద్దరి మూలాంకాలకీ భాగ్యాంకాలకీ. బొమ్మలో ఒక్కో గడినీ కుదించి చూడాలన్న నియమం లేదు. అయినా చూసేవాళ్లు చూస్తారు. మాస్టారి చదరం కిందివరుసలో 19 (1), 26 (8) పక్కపక్కనే ఉన్నాయి! ఇబ్బంది అనుకుంటే రెండు, మూడు వరుసల్ని అటూ ఇటూ మార్చి, రెండు, మూడు నిలువులనీ అలాగే మార్చండి. రెండూ మార్చాలి, ఒక్కటే మారిస్తే కర్ణాలు చెడతాయి. కిందివరుస 19, 15, 26, 3 అవుతుంది. నష్టమేమిటంటే పైవరుస 16, 20, 2, 25గా మారి తేదీ చదవడానికి రాదు. నేనైతే మార్చను.

గోడమీదిబొమ్మ:
8 అనగానే శని అని బెదిరే వాళ్లకి చూపించాల్సిన బొమ్మ ఒకటుంది: జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1514లో రాగిరేకు మీద చెక్కిన ‘మెలెంకోలియా 1’. అందులో రెక్కల మనిషి తల వెనక గోడకి 4 × 4 చదరం ఉంటుంది, మొత్తం 34. కిందివరుస మధ్యలో 15, 14 పక్కపక్కన, అంటే చెక్కిన సంవత్సరమే. అప్పటి యూరప్ లెక్కలో 3 × 3 శనిది, 4 × 4 గురుడిది. దిగులు శనివల్ల వస్తుందని నమ్మేవారు కాబట్టి, గురుడి చదరాన్ని విరుగుడుగా పెట్టాడని చాలామంది కళాచరిత్రకారుల మాట. మీరు వేసేదీ 4 × 4యే.

అంకె రెండుసార్లు వస్తే తప్పేం లేదు. బార్సిలోనాలోని సగ్రాద ఫమీలియా చర్చిలో శిల్పి సుబిరాక్స్ 33 మొత్తం రావడానికి 10, 14లను రెండేసిసార్లు వాడి, 12, 16లను వదిలేశాడు. 33 క్రీస్తు వయసు. ఆ చదరం ఉన్నది క్రీస్తుని పట్టించిన శిష్యుడు యూదా ఆయనకి ముద్దు పెట్టే శిల్పం పక్కన, నమ్మకద్రోహం దగ్గర. కాబట్టి పెళ్లి బొమ్మకి దాన్ని నకలు చేయకండి.

అసలు నా అభ్యంతరం వేరు. తేదీ చదరంలో దంపతులెక్కడ? పైవరుసలో ఆయన రోజు, ఆయన నెల, ఆమె రోజు, ఆమె నెల పెట్టండి. దీనికి పాత సూత్రమే సరిపోతుంది:

17, 4, 28, 9
10, 27, 1, 20
2, 19, 11, 26
29, 8, 18, 3

మొత్తం 58. ఇందులో 17–20, 1–4 ఆయనవి, 26–29, 8–11 ఆమెవి. ఆయనకి రెండు నీలాలు, ఆమెకి పసుపు, కుంకుమ రంగులు ఇవ్వండి. ప్రతి అడ్డవరుసలో, నిలువులో, కర్ణంలో నాలుగు రంగులూ ఒక్కోసారే పడతాయి, ఇద్దరిదీ సగం సగం. అంకెలు చదవని వాళ్లకి కూడా కంటికి ఆనుతుంది. 17 (8) కింద 10 (1) ఉందని తొమ్మిదిగ్రహాలు గారు అంటారేమో, అననీయండి.

రంగులడబ్బా:
ఇద్దరి చదరమే వేస్తాను. గళ్లు ఎంతెంత?

గోడమీదిబొమ్మ:
చుట్టూ 2 అంగుళాల అంచు వదిలితే 5 అంగుళాల గళ్లు. గీసేముందు కాన్వాస్ కర్ణాలు రెండూ కొలవండి. రెండూ దాదాపు 34 అంగుళాలు ఉండాలి. పావు అంగుళం తేడా వచ్చినా ఫ్రేము వంకరగా ఉన్నట్టే, గళ్లు అంచుకి సమాంతరంగా రావు.

టేపు అంటించాక దాని అంచు మీద ముందు కింద ఉన్న రంగే పలచగా ఒక పూత వేయండి. సందుల్లోకి ఆ రంగు దూరి మూసుకుంటుంది, తర్వాత వేసే రంగు లోపలికి పాకదు. పైపూత పచ్చిగా ఉండగానే టేపు లాగాలి. ఎండనిస్తే పొర కూడా లేచి వస్తుంది. పసుపు గళ్లకి అడుగున తెలుపు తప్పదు, యాక్రిలిక్ పసుపు చాలా పలచన, నీలం పొరపాటున తగిలితే ఆకుపచ్చ అయి కూర్చుంటుంది. పసుపుతో మొదలుపెట్టి నీలంతో ముగించండి.

తెలుగు అంకెలు రాస్తే అందంగా ఉంటుంది. ౧కి వదిలిన సందు మాత్రం కుంచె మందానికి రెట్టింపైనా ఉండాలి, మూసుకుపోతే సున్నా అయిపోతుంది.

చుక్కలముగ్గు:
చదరం వద్దనుకుంటే ఇంకోటి ఉంది. 220, 284 స్నేహసంఖ్యలు. 220ని నిశ్శేషంగా భాగించే చిన్న సంఖ్యలన్నీ (1, 2, 4, 5, 10, 11, 20, 22, 44, 55, 110) కూడితే 284. 284వి (1, 2, 4, 71, 142) కూడితే 220. ఒకప్పుడు వీటిని వలపు తాయెత్తుల్లో కూడా వాడారు.

రెండూ కలిపితే 504, అంటే 21 వరుసలు, వరుసకి 24 చుక్కలు. ఎడమవైపు బేసి వరుసల్లో 10, సరి వరుసల్లో 11 చుక్కలు ఒక రంగు: 110 + 110 = 220. మిగిలినవి రెండో రంగు, సరిగ్గా 284. మధ్య గీత జిప్పు పళ్లలా ఒకదాంట్లో ఒకటి దిగుతుంది. చుక్కకీ చుక్కకీ 0.9 అంగుళం పెడితే 20.7 × 18 అంగుళాలు వస్తుంది, మీ కాన్వాస్‌లో పడుతుంది. చుక్కలు పెన్సిల్ వెనకున్న రబ్బరుతో అద్దండి, ప్రతి అద్దకానికీ రంగు ముంచాలి. ఒక్క ముంచుకి రెండు అద్దితే రెండోది చిన్నదవుతుంది, 504 చుక్కల్లో అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.