సమస్యాపూరణం: తిన్నగా పోవు దారియే దీర్ఘమయ్యె

బురుజు నీడ (కర్నూలు): ఈ వారం సమస్య పైనే ఉంది. తేటగీతి. తిన్నటి దారి పొడవెట్లవుతుందో మీరే తేల్చాల.

పెన్నగట్టు (కడప):
పటము మీదను స్కేలుతో బాట గీసి
దిశను మార్చక నడిపిన తెరవు కన్న
గోళమున వంపు రేఖయే కురుచ కాగ
తిన్నగా పోవు దారియే దీర్ఘమయ్యె

బురుజు నీడ: భేష్! మెర్కేటర్ పటంలో (గుండ్రని భూమిని చదునుగా పరిచి ఓడలవాళ్లకు గీసిన పటం) తిన్నని గీత, దిక్సూచి మారని దారే గానీ దగ్గరి దారి కాదు. అయితే నేరుగా ఉత్తర దక్షిణాలకో, భూమధ్యరేఖ వెంబడో పోతే రెండూ ఒకటే. అప్పుడు మీ పద్యం చెల్లదు.

గుత్తికోట (అనంతపురం):
గుత్తి మీదుగ కర్నూలు కూటి వేళ
చేరుదమటంచు బస్సెక్కి సీటు పట్టి
గుంతలే లెక్కపెట్టగా పొద్దు వాలె
తిన్నగా పోవు దారియే దీర్ఘమయ్యె

బురుజు నీడ: నవ్వొచ్చింది గానీ మూడో పాదంలో గుం–పొ యతి లేదన్నా. ‘గ్రుంకె పొద్దు’ అనండి, సరిపోతుంది.

లంగరు (కర్నూలు, ఓడ ఉద్యోగం):
తూర్పునకు పోవు నావకు దూర మెంత
యనుచు మెర్కేటరును వేడి యలసిపోగ
భాగహారాన సున్నయే పలుకరించ
తిన్నగా పోవు దారియే దీర్ఘమయ్యె

పెన్నగట్టు: సున్న ఎక్కడిదన్నా?

లంగరు: మెర్కేటర్ పటంలో భూమధ్యరేఖ నుంచి ఒక అక్షాంశం ఎంత దూరాన పడుతుందో రేఖాంశ నిమిషాల్లో చెప్పే లెక్కను మెరిడియనల్ పార్ట్స్ అంటాం. రేఖాంశ భేదాన్ని ఆ మెరిడియనల్ పార్ట్స్ భేదంతో భాగిస్తే కోర్సు కోణం (ఉత్తరం నుంచి ఓడ దారికి కొలిచిన కోణం) ట్యాంజెంట్ వస్తుంది. 10° ఉత్తరం, 85° తూర్పు నుంచి 045° కోర్సులో, అంటే ఈశాన్యంగా, 15° ఉత్తరానికి పోయినామనుకో. అక్షాంశ భేదం 300 నిమిషాలు. కోర్సు కోణం సెకెంటు (కొసైన్‌కు తలకిందులు) 1.414తో గుణిస్తే దూరం 424 నాటికల్ మైళ్లు (ఒక అక్షాంశ నిమిషం ఒక నాటికల్ మైలు). మెరిడియనల్ పార్ట్స్ భేదం, భూమిని గోళమనుకుంటే, 307. ట్యాన్ 45 ఒకటే కాబట్టి రేఖాంశమూ 307 నిమిషాలు జరుగుతుంది. ఓడ 90°07′ తూర్పున ఉన్నట్టు. అదే నేరు తూర్పుకు పోతే అక్షాంశం మారదు, భాగించాల్సిన భేదం సున్న. లెక్క అక్కడే కూలబడుతుంది.

పెన్నగట్టు: మరి అప్పుడేం చేస్తారు?

లంగరు: రేఖాంశ భేదాన్ని అక్షాంశం కొసైన్‌తో గుణిస్తాం. మన కర్నూలు 15°50′ మీద ఒక డిగ్రీ రేఖాంశం 60 కాదు, 57.7 నాటికల్ మైళ్లే.

బురుజు నీడ: హారంలో సున్నతో ‘దీర్ఘం’ తెచ్చిన చమత్కారం ఈ వారానికి మొదటిది. ఒక పట్టింపు: మెర్కేటర్ 1569లో పటం వేసినాడు, ఈ మెరిడియనల్ పార్ట్స్ లెక్కకు పట్టికలిచ్చింది 1599లో ఇంగ్లండు గణితవేత్త ఎడ్వర్డ్ రైట్. వేడాల్సింది ఆయన్ను గదా?

లంగరు: ‘రైటును’ అంటే గణం చెడుతుంది అయ్యవారూ. పద్యంలో మెర్కేటరే ఉండనీండి, చార్టు టేబుల్ కాడ రైటుకే దణ్ణం పెడతాం.