బోటు వెనక భాగం ట్రైలర్ మీద ఆనడం లేదు, ఇలాగే ఉంచొచ్చా?

అన్నలకు, వదినలకు నమస్కారం. మాది అనంతపురం, అట్లాంటా వచ్చి ఎనిమిది నెలలైంది. నేను, మా ఆఫీసులో ఇంకో ఇద్దరు కలిసి పోయిన వారం ఒక పాత 19 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు కొన్నాం, ట్రైలర్‌తో సహా. లేక్ లేనియర్ పక్కనే కదా, వేసవిలో పిల్లల్ని తిప్పొచ్చని. ఇంటికి తెచ్చి చూస్తే ఇంజన్ బిగించిన వైపు, ట్రైలర్ చెక్కలు దాటి జానెడు బయటికి ఉంది. అమ్మినాయన "అన్నీ అంతే, ఏం కాదు" అన్నాడు. ముందు వైపు పట్టీ గట్టిగానే లాగి కట్టాం. ఏప్రిల్ దాకా ఇది డ్రైవ్‌వేలోనే ఉంటుంది. ఇలాగే ఉంచొచ్చా?

*

తమ్ముడూ, ఉంచొద్దు. ఏప్రిల్ దాకా కదలదన్నావే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నీళ్లలో ఉన్నప్పుడు బోటు అడుగంతటినీ నీళ్లే మోస్తాయి. ట్రైలర్ ఎక్కితే మోసేవి ఆ రెండు కార్పెట్ చుట్టిన చెక్కలే. వాటిని ఇక్కడ బంకులంటారు, మనకు బంకంటే పెట్రోలు బంకే గానీ షాపులో ఈ మాటే అడుగు. ఇంజన్ తగిలించిన వెనక గోడ పేరు ట్రాన్సమ్. ఇంజన్ బరువంతా దాని మీదే వేలాడుతుంది. ఆ గోడ కింద చెక్క లేదంటే ఆ బరువు రాత్రీ పగలూ బోటు అడుగుని కిందికి వంచుతూనే ఉంటుంది.

మాది కర్నూలు వైపు బేతంచెర్ల. మా నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. మా కొత్తింటికి తెచ్చిన ఒక పెద్ద బండని ఇటుకల మీద పడుకోబెట్టి, ఒక చివర మూరెడు గాల్లోకి వదిలేశాం. రాత్రంతా బాగానే ఉంది, పొద్దున్నే మా చిన్నాన్న ఆ చివర కూర్చున్నాడు, టప్‌మని విరిగింది. ఫైబర్‌గ్లాస్ అలా విరగదు, దాంతో ఇబ్బంది అదే. విరిగితే ఆ రోజే తెలుస్తుంది, ఇది నెలల తరబడి కంటికి కనపడకుండా వంగుతుంది. అలా వంగిపోయిన దాన్ని ఇక్కడివాళ్లు హుక్ అంటారు.

నా మొదటి బోటుకి సరిగ్గా ఇదే అయింది. ఒక చిన్న బోటుకి చేసిన ట్రైలర్ మీద పెద్ద బోటు పెట్టి నాకు అమ్మారు, నేను రెండు చలికాలాలు అలాగే ఉంచాను. తర్వాత స్పీడు పెంచితే ముక్కు పైకి లేవాల్సింది పోయి నీళ్లలోకి దిగేది, స్టీరింగ్ ఒక పక్కకి లాగేది, ఎంత యాక్సిలరేటర్ ఇచ్చినా పాత వేగం రాదు. ఇంజన్ అనుకున్నా, ప్రొపెల్లర్ అనుకుని అదీ మార్చా. చివరికి ఒక పెద్దాయన నాలుగడుగుల అల్యూమినియం పట్టీ తెచ్చి, ట్రాన్సమ్ నుంచి ముందుకి బోటు అడుగున ఆనించి పట్టుకుని, టార్చి వేసి చూడమన్నాడు. పట్టీ రెండు చివర్లా తగులుతోంది, మధ్యలో వెలుతురు కనిపిస్తోంది. రెండు రూపాయి బిళ్లలు పట్టేంత సందు. అంతే, ఆ కాస్త వంపుకే బోటు బోటులా నడవలేదు. దాన్ని సరిచేయించడానికి పెట్టిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, అందుకే నీకు ముందే చెప్తున్నా.

నువ్వు రేపే ఆ పట్టీ పరీక్ష చెయ్యి, రెండు పక్కలా. ఇంకోటి, ఒక కాగితం తీసుకుని బంకుకి, బోటుకి మధ్య దూర్చి చూసుకుంటూ వెనక నుంచి ముందుకి రా. ఎక్కడ సులువుగా దూరుతుందో అక్కడ బంకు బరువు మోయడం లేదు, ఆ బరువు ఇంకెక్కడో పడుతోందన్నమాట.

ఇక సరిచేసే సంగతి. బంకు చివర ట్రాన్సమ్‌తో సమంగా ఉండాలి, అంగుళం బయటికి వచ్చినా మంచిదే, లోపలికి మాత్రం ఉండకూడదు. ముందు వైపు విన్చ్, అంటే పట్టీ చుట్టి బోటుని లాగే చక్రం, ఉండే స్తంభాన్ని బోల్టులు వదులు చేసి జానెడు ముందుకి జరిపితే బోటు మొత్తం ముందుకొస్తుంది. తేలిక పని ఇదే. కానీ అప్పుడు కారు కొక్కెం మీద బరువు పెరుగుతుంది, అది చూసుకో. బోటు, ట్రైలర్ కలిపి ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం కొక్కెం మీద పడాలి. 3,500 పౌండ్లయితే 175 నుంచి 350 మధ్య. బాగా తక్కువైతే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది, మరీ ఎక్కువైతే కారు వెనక్కి కూర్చుంటుంది. ఎక్కువొస్తే ఇరుసుని కూడా కాస్త ముందుకి జరపాలి. స్తంభం జరపడానికి చోటు లేకపోతే పొడవాటి బంకులు వేయించు, కానీ ఆ కొత్త చివర కింద ఇనుప ఆధారం ఉండాలి, గాల్లో ఉన్న చెక్క మీద ఇంజన్ బరువు పెడితే చెక్కే వంగుతుంది.

ఈ పనులేవీ బోటు పైన ఉండగా చెయ్యొద్దు. లేక్‌కి తీసుకెళ్లి బోటుని నీళ్లలో వదిలి డాక్‌కి కట్టేసి, ఖాళీ ట్రైలర్ పైకి లాగి చేసుకో. జాక్ మీద లేపిన బోటు కిందికి దూరేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకు, ఇంట్లో పిల్లలున్నారు.

*

కడప నుంచి వచ్చి గెయిన్స్‌విల్‌లో ఉంటున్నాం. పైన అన్న చెప్పినదానికి నాదొక మాట. ముందు పట్టీ గట్టిగా లాగాం అని తమ్ముడు రాశాడు, ఆ విన్చ్ పట్టీ బోటుని ట్రైలర్ మీదికి లాక్కోవడానికే, రోడ్డు మీద పట్టుకోవడానికి కాదు. ముక్కుకి వేరేగా ఒక గొలుసు, వెనక ట్రాన్సమ్‌కి రెండు పక్కలా రెండు పట్టీలు వేసి కట్టు. వెనక కట్టకపోతే ప్రతి గుంతకీ బోటు ఎగిరి బంకుల మీద దబదబ పడుతుంది, ఆ దెబ్బలన్నీ అడుక్కే.

చలికాలం వాన నీళ్ల సంగతి కూడా. అడుగు బిరడా తీసెయ్, ట్రైలర్ ముందు భాగం జాక్‌తో ఎత్తిపెట్టు, నీళ్లు వెనక్కి జారిపోతాయి. ఆకులు ఆ రంధ్రానికి అడ్డం పడితే బోటు తొట్టి అవుతుంది. గాలన్ నీళ్లు 8 పౌండ్ల పైనే, వంద గాలన్లు నిలిస్తే ఎనిమిది వందల పౌండ్లు అదనం, అదీ ఎక్కువగా వెనక వైపే. మన తుంగభద్రలో పుట్టిలు, అదే బుట్టలాంటి గుండ్రటి పడవలు, నడిపేవాళ్లు పని కాగానే పుట్టిని బోర్లించి పోతారు చూడు, లోపల చుక్క నిలవదు. ఇక్కడ బోర్లించలేం కాబట్టి బిరడా తియ్యడమే.

*

అన్నలిద్దరికీ చాలా థ్యాంక్స్. పొద్దున్నే పట్టీ పెట్టి చూశా, వెలుతురు కనపడలేదు, రెండు పక్కలా తిన్నగానే ఉంది. మనసు కాస్త కుదుటపడింది. కానీ కాగితం కుడి బంకులో ముందు వైపు మూడడుగులు ఆగకుండా దూరిపోయింది. ఎడమ పక్క దూరలేదు.

*

హుక్ పడలేదు, సంతోషం. రెండు పక్కలా ఒకేలా దూరుంటే అడుగు పైకి వంపు తిరిగే చోటులే అనుకునేవాణ్ణి, ఒక్క కుడిపక్కే అంటే అక్కడ బ్రాకెట్ కిందికి జారినట్టుంది, లేదా చెక్క లోపల పుచ్చిపోయింది. స్క్రూడ్రైవర్‌తో ఆ చెక్కని కింది వైపు నుంచి పొడిచి చూడు, మెత్తగా దిగితే మార్చాల్సిందే. కార్పెట్ కింద తడి నిలిచి చెక్క పుచ్చడం మామూలే. కొత్తది వేసేటప్పుడు బోల్టు తలలు చెక్కలోకి బాగా దిగిపోవాలి, కార్పెట్ పిన్నులు కింది వైపే కొట్టాలి, పైన ఒక్కటి ఉన్నా బోటుకి గీత పడుతుంది.

శనివారం ఏడింటికల్లా లేక్ దగ్గరికి రా, నేనూ వస్తా. స్పానర్ల సెట్టు, కొత్త బోల్టులు నా దగ్గరున్నాయి. నువ్వు మీ ఫ్రెండ్స్‌లో ఒకర్ని తీసుకురా, మనం ట్రైలర్ పని చూసుకునేటప్పుడు డాక్ దగ్గర బోటు కనిపెట్టుకోవడానికి. బయల్దేరేముందు బిరడా బిగించావో లేదో చూసుకో.