పాత డీటీపీ కంప్యూటర్‌కు ముందు ఎస్‌ఎస్‌డీ వేయించాలా, ర్యామ్ పెంచాలా?

ప్రశ్న

మిత్రులందరికీ నమస్కారం. మా ఊళ్లో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు నా పని. 2014లో కొన్న డెస్క్‌టాప్ మీదే ఇప్పటికీ నెట్టుకొస్తున్నాను. నాలుగో తరం కోర్ ఐ3, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7 ఉన్నాయి. పొద్దున స్విచ్ వేశాక పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెరుచుకునే సరికి ఏడెనిమిది నిమిషాలు గడుస్తున్నాయి. ముహూర్తాల రోజుల్లో నలుగురు ఎదురుగా కూర్చుని ఉండగా ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే ఇక మౌస్ కూడా కదలదు. ర్యామ్ 8 జీబీ చేయించమని ఒకరు, హార్డ్ డిస్క్‌కు బదులుగా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించమని ఇంకొకరు చెబుతున్నారు. రెండూ ఒకేసారి చేయించే వీలు లేదు. పైగా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మళ్లీ ఎక్కించుకోవడానికి సీడీలు నా దగ్గర లేవు. ఏది ముందు చేయించమంటారు?

జవాబు

నమస్కారమండీ. డబ్బు పెట్టే ముందు రెండు సంగతులు చూసి చెప్పండి. కంప్యూటర్ ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, మీ విండోస్ 32 బిట్‌దో 64 బిట్‌దో అక్కడే రాసి ఉంటుంది. తరువాత టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ ట్యాబ్ నుంచి రిసోర్స్ మానిటర్ తెరవండి. కంప్యూటర్ మందగించిన సమయంలోనే డిస్క్ విభాగంలోని నీలి గీత ఎక్కడ ఉందో, మెమరీ విభాగంలో హార్డ్ ఫాల్ట్స్ (ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తెచ్చుకోవలసి రావడం) ఎన్ని వస్తున్నాయో గమనించండి.

ప్రశ్న అడిగినవారు

చూశానండీ. 32 బిట్ అని ఉంది. ర్యామ్ దగ్గర 4 జీబీ అని చూపిస్తూనే, పక్కన 3.41 జీబీ మాత్రమే వాడుకోవచ్చని రాసి ఉంది. పొద్దున ఆన్ చేసినప్పటి నుంచి నీలి గీత నూటికి నూరు దగ్గరే నిలిచిపోతోంది. హార్డ్ ఫాల్ట్స్ మాత్రం ఫోటోషాప్ తెరిచినప్పుడే ఎక్కువగా వస్తున్నాయి.

జవాబు

అయితే మీరు ముందు వేయించవలసింది ఎస్‌ఎస్‌డీయే. మీ విండోస్‌తో ర్యామ్ 8 జీబీ చేయించినా ఒక్క రూపాయి ప్రయోజనం కూడా ఉండదు. 32 బిట్ విండోస్ 7 గుర్తించగలిగేది మొత్తం 4 జీబీయే, అందులోనూ గ్రాఫిక్స్‌కూ ఇతర పరికరాలకూ కొంత చిరునామా స్థలం పోతుంది కాబట్టే మీకు 3.41 అని కనిపిస్తోంది. ఈ మాట చెప్పకుండా ర్యామ్ అమ్మేవారిని చాలామందిని చూశాను, నాకు అది నిజంగా బాధ కలిగించే విషయం.

పొద్దుటి ఆలస్యానికి కారణం హార్డ్ డిస్క్ తయారీలోనే ఉంది. డెస్క్‌టాప్ డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. పళ్లెం మీద కావలసిన వరుస మీదికి చదివే ముల్లు జరగడానికి మరో ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు, ఆ వరుసలో కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అరచుట్టు కలుపుకుంటే, సెకనుకు సుమారు 80 చోట్ల నుంచి మాత్రమే అది చదవగలదు. విండోస్ లేచేటప్పుడూ, మీ వద్ద ఉన్న వందలాది ఫాంట్లను వెతికేటప్పుడూ వేల చిన్న చిన్న ఫైళ్లు వేర్వేరు చోట్ల నుంచి కావాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెమూ లేదు, జరిగే ముల్లూ లేదు. ఏ చోటినైనా చదవడానికి దానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు.

చిన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీలు పెట్టే ఎం.2 స్లాటు మీలాంటి బోర్డులో మామూలుగా ఉండదు కాబట్టి, హార్డ్ డిస్క్‌లాగే కేబుల్‌తో కలిపే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. హెచ్81 బోర్డులో 6 గిగాబిట్ల సాటా పోర్టులు రెండు, 3 గిగాబిట్లవి రెండు ఉంటాయి. కొన్ని బోర్డుల మీద ఆ సంఖ్య పోర్టు పక్కనే అచ్చయి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ కేబుల్‌ను మొదటి రకానికే పెట్టమని దగ్గరుండి చెప్పండి. బయోస్‌లో (విండోస్ లేవక ముందే తెరిచే మూల సెట్టింగుల్లో) డిస్కుతో మాట్లాడే పద్ధతి, అంటే సాటా మోడ్, ఏహెచ్‌సీఐ అని ఉంటే సరి. పాత పద్ధతి ఐడీఈ అని ఉంటే మాత్రం తొందరపడి మార్చకండి, విండోస్ లోపల ఆ డ్రైవర్‌ను ముందుగా సిద్ధం చేయకుండా మారిస్తే నీలి తెర వచ్చి ఆగిపోతుంది.

సీడీలు లేవన్నారు కాబట్టి విండోస్‌ను కొత్తగా ఎక్కించకుండా, ఉన్న డిస్కును ఉన్నట్టుగా క్లోన్ (పూర్తి నకలు) చేయించుకోండి. ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ సెట్టింగులు అన్నీ అలాగే వస్తాయి. ఆ పని చేసే క్లోన్‌జిల్లా ప్రోగ్రాము ఉచితమే కానీ, అది మామూలుగా పాత డిస్కు కంటే చిన్నదైన డిస్కులోకి క్లోన్ చేయదు. అందుకని పాతదాని కంటే కొంచెం కూడా తగ్గని ఎస్‌ఎస్‌డీ కొంటే పని సులువుగా అవుతుంది. ఫోటోషాప్ తాత్కాలికంగా వాడుకునే స్క్రాచ్ డిస్కును కూడా తరువాత ఎస్‌ఎస్‌డీ మీదికే మార్చండి. ర్యామ్ చాలనప్పుడు అది వాడుకునేది ఆ చోటునే కాబట్టి ఫ్లెక్సీ పని కూడా కొంత తేలికపడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఎస్‌ఎస్‌డీలు రాసిన కొద్దీ అరిగిపోతాయంటారు. నా పనికి ఎన్నాళ్లు వస్తుంది?

జవాబు

అరుగుతుందన్నది నిజమే. 150 టెరాబైట్లు రాసేంతవరకు పూచీ ఇచ్చే ఎస్‌ఎస్‌డీని తీసుకుని, రోజుకు 20 జీబీ చొప్పున రాసినా అది చేరడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. చెల్లాచెదురైన ఫైళ్లను ఒకచోటికి చేర్చే డీఫ్రాగ్ మాత్రం దాని మీద నడపకండి, ఉపయోగం లేకుండా రాతలు పెరుగుతాయి.

మరొక సభ్యుడు

పైవారు చెప్పిన దానితో ఏకీభవిస్తూ ఒక్క మాట చేరుస్తాను. హార్డ్ డిస్క్ పోయే ముందు చాలాసార్లు టకటకమని చప్పుడు చేస్తుంది, ఫైళ్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, అంతలో మనం జాగ్రత్తపడతాం. ఎస్‌ఎస్‌డీ అలా చెప్పి పోదు. మా ఇంట్లో ఒకటి రాత్రి బాగానే పనిచేసి, తెల్లవారి బయోస్‌లోనే కనిపించలేదు. మా అమ్మాయి ప్రాజెక్టు ఫైళ్లు అందులోనే ఉండిపోయాయి. అందువల్ల క్లోన్ మొదలుపెట్టక ముందే మీ డిజైన్లన్నీ వేరే డిస్కులోకి తీసి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి విడదీసి దాచండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఎస్‌ఎస్‌డీ తెచ్చి క్లోన్ చేయించాను, తప్పులేవీ చూపించలేదు. కానీ ఆన్ చేస్తే మునుపటిలాగే ఏడు నిమిషాలు పట్టింది. ఎస్‌ఎస్‌డీ అసలు కంప్యూటర్‌లో కనిపించడం లేదు. మోసపోయానేమోనని భయంగా ఉంది.

జవాబు

భయపడకండి. మీ కంప్యూటర్ ఇంకా పాత డిస్కు నుంచే లేస్తోంది. క్లోన్ చేసిన రెండు డిస్కులకూ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది, రెండూ కలిపి ఉన్నప్పుడు విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది. కరెంటు తీసేసి, పాత డిస్కు కేబుల్ ఊడదీసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితో ఆన్ చేయండి. పాత డిస్కును ఒక నెలపాటు తుడపకుండా అలాగే ఉంచండి.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే చేశాను. స్విచ్ వేసిన దగ్గర నుంచి పేజ్‌మేకర్‌లో అక్షరం పడే వరకు గడియారం పెట్టుకుని చూస్తే యాభై సెకన్లు పట్టింది. ర్యామ్ సంగతి ఇప్పుడు ఏం చేయమంటారు?

జవాబు

సంతోషమండీ. ఫ్లెక్సీ పని ఇంకా ఇబ్బంది పెడితేనే ర్యామ్ గురించి ఆలోచించండి, అప్పుడు 64 బిట్ విండోస్ తప్పదు. దాన్ని వేరే డిస్కు మీద ఎక్కించి, మీ పాత ప్రోగ్రాములు అందులో నడుస్తాయో లేదో తేల్చుకున్నాకే ర్యామ్ కొనండి. 16 బిట్ ఇన్‌స్టాలర్ ఉన్న పాత సాఫ్ట్‌వేర్ 64 బిట్ విండోస్‌లో సాధారణంగా ఎక్కదు. కొనేటప్పుడు డెస్క్‌టాప్ డీడీఆర్3 1600 అని అడగండి, డీడీఆర్4 ర్యామ్ గాడి వేరే చోట ఉంటుంది కాబట్టి మీ స్లాటులో దిగదు. సికింద్రాబాద్ వచ్చే పని ఉంటే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాతవి కూడా దొరుకుతాయి. అక్కడే ఒకసారి కంప్యూటర్‌లో పెట్టి చూపించమనండి. ఇంకొక ముఖ్యమైన సంగతి, విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. ఖాతాదారులు తెచ్చే పెన్‌డ్రైవ్‌లను ఈ కంప్యూటర్‌కు నేరుగా పెట్టకుండా, ఫైళ్లను ముందు వేరే కంప్యూటర్‌లో స్కాన్ చేయించి తెచ్చుకోండి.