పెరటి పాలీహౌస్‌లో ఎండాకాలపు వేడి తగ్గించడం ఎలా?

ప్రశ్న (విజయవాడ, పటమట):
మా పెరట్లో ఇనుప గొట్టాల మీద ప్లాస్టిక్ షీటు కప్పి చిన్న పాలీహౌస్ కట్టించుకున్నాము. చలికాలమంతా కీరదోస, క్యాప్సికం చక్కగా కాశాయి గానీ, మార్చి దాటిన దగ్గర నుంచి పూత రాలిపోతోంది, లేత ఆకుల అంచులు మాడుతున్నాయి. కప్పు లోపలి వైపు ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి, రెండు పూటలా నీళ్లు చల్లుతున్నా వేడి తగ్గడం లేదు. పెద్ద ఖర్చు లేకుండా రోహిణి కార్తె గట్టెక్కే మార్గం చెప్పగలరు.

సమాధానం (గుంటూరు):
నెట్ లోపల ఉండటమే అసలు చిక్కండి. ఎండ షీటు దాటి వచ్చాక నెట్ దాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడి మొక్కల మీదే నిలుస్తుంది. దాన్ని విప్పి, షీటుకు పైన కనీసం అడుగు ఎడం ఉండేలా బయట కట్టండి. ఎండలో సగం ఆపే 50 శాతం నెట్ చాలు. 75 శాతం వేస్తే వెలుతురు చాలక తీగ సాగుతుందే తప్ప కాయ నిలవదు. ఆపైన కప్పు కొప్పు దగ్గర పొడవునా షీటు తెరిచి, అంచు మీద అంచు వచ్చేలా చూరు దింపితే వాన లోపల పడదు. పక్కల కింది భాగం కూడా తెరిచినప్పుడే వేడిగాలి పైనుంచి పోయి, కిందనుంచి కొత్త గాలి వస్తుంది.

సమాధానం (తాడేపల్లి):
నీళ్ల సంగతి చెబుతాను. నీరు ఆవిరయ్యేటప్పుడే చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది కనుక, పొడిగా పడమటి వడగాలి వీచే మధ్యాహ్నం ఆ వైపున వట్టివేళ్ల తడిక కట్టి తడిపితే తేడా వెంటనే తెలుస్తుంది. సాయంత్రం సముద్రం వైపు గాలి తిరిగి ఉక్కపోస్తున్నప్పుడు మాత్రం చల్లవద్దు. చల్లదనం రాదు సరికదా, ఆకులు రాత్రంతా తడిగా ఉండి కీరకు బూజు తెగులు పడుతుంది.

ప్రశ్న వేసినవారు:
పక్కలు తెరిస్తే తెల్లదోమ రాదా అండి?

సమాధానం (గుంటూరు):
వస్తుంది, అందుకే సన్న కన్నుల నెట్ ఉంచండి. అది గాలిని బాగా అడ్డుకుంటుంది కాబట్టి తెరిచే భాగం పెద్దదిగా ఉండాలి, దుమ్ము పట్టినప్పుడల్లా కడగాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. గాలి ఎంత బాగా ఆడినా లోపలి వేడి బయటి వేడికన్నా తగ్గదు, మే నెలలో మన బయటే 40 డిగ్రీలు దాటుతుంది, క్యాప్సికం పూత 35 దాటితేనే నిలవదు. అందువల్ల ఏప్రిల్ నుంచి తొలకరి దాకా షీటు పూర్తిగా తీసి, షేడ్‌నెట్ కింద బెండ, గోరుచిక్కుడు వేసుకోవడమే మేలు. క్యాప్సికం నారు వానలు పడి ఎండ తగ్గాక పోసుకోండి.