కార్డులో పేరు పోతే కోతే కదా?

కనిగిరి వైపు పల్లె నుంచి:
మా ఇంట్లో నలుగురం. స్టోరులో నెలకి 20 కేజీల బియ్యం వస్తాయి. పోయిన నెల మా అత్తమ్మ పేరు మిషన్‌లో లేదన్నారు, 15 కేజీలే ఇచ్చారు. ఎందుకో చెప్పేవాళ్ళు లేరు. ఖజానాలో డబ్బుల్లేక పేర్లు తగ్గిస్తున్నారని ఊళ్ళో అంటున్నారు. మా ఆయన బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు, వచ్చే నెల ఆయన పేరు కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఈ బియ్యం మన హక్కు కాదా?

కందుకూరు నుంచి, డ్వాక్రా గ్రూపు లీడరు:
హక్కేనమ్మా. 2013 ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డుకి మనిషికి 5 కేజీలు, అంత్యోదయ అయితే ఇంటికి 35. అది తగ్గించాలంటే పార్లమెంటులో చట్టమే మార్చాలి. కానీ మన రాష్ట్రంలో చాలా కార్డులు ఆ లెక్కలో లేవు. కేంద్రం ఇచ్చే బియ్యం 2011 జనాభా లెక్కల దగ్గరే ఆగిపోయింది. మిగతా కార్డుల బియ్యం ఖర్చు రాష్ట్రానిదే. స్టోరు దగ్గర తేడా తెలియదు, డబ్బుకి కటకట వచ్చినప్పుడు మాత్రం ముందు కదిలేది అవే. మీది ఏ రకమో ముందు మీ ఊరి సచివాలయంలో అడగండి.

1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం పెట్టాక, బియ్యం తగ్గిస్తామని ఏ నాయకుడూ పైకి అనడు. పేర్లు పోతాయి, అంతే. కరెంటు నెలకి 300 యూనిట్లు దాటింది, కార్డుకి అర్హత లేదంటారు, చూస్తే మూడు కాపురాలకి ఒకటే మీటరు ఉంటుంది. వేలిముద్ర పడలేదంటారు. ఏళ్ళ తరబడి పొగాకు గ్రేడింగ్ చేసిన ఆడవాళ్ళ వేళ్ళు చూడండి, ఆ జిగురుకీ రాపిడికీ గీతలే మిగల్లేదు. మిషన్ గుర్తుపట్టకపోతే వాళ్ళ తప్పా? మీ అత్తమ్మది వేలిముద్ర సమస్యే అయితే కంటి స్కాన్‌తో తీయమని గట్టిగా అడగండి.

ఒంగోలు నుంచి:
సగం మంది ఆ బియ్యం అమ్ముకుంటున్నారు. తీసేస్తే తప్పేంటి?

కనిగిరి వైపు పల్లె నుంచి:
అమ్మేవాళ్ళనీ, కొని మిల్లుకి తోలేవాళ్ళనీ పట్టుకోండి అన్నా, ఎవరొద్దన్నారు? మా ఇంట్లో పొద్దున చద్దన్నం దగ్గర్నుంచి ఆ బియ్యమే. ఆ అయిదు కేజీలు బయట కొనాలంటే ఒక రోజు కూలి ఆ సంచికే పోతుంది. మా అత్తమ్మ పేరు తీస్తే ఏ దందా ఆగింది?

ఉదయగిరి నుంచి:
అక్కా, కార్డులో పేరు నిలవాలంటే చేయించే ఈకేవైసీకి, అంటే వేలిముద్రతో మనిషిని ధ్రువీకరించడానికి, మీ ఆయన ఊరు రానక్కర్లేదు. బెంగళూరులోనే రేషన్ షాపులో వేలిముద్ర వేయొచ్చు, ఈ వారమే వేయించండి. అత్తమ్మ విషయం రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కి ఫోన్ చేసి చెప్పండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ కూడా ఇవ్వండి. పేరు ఎందుకు తీశారో రాతపూర్వకంగా చెప్పమని అందులో రాయండి, రశీదు తీసుకోకుండా రావద్దు. పలక్కపోతే ఆ రశీదుతో రాష్ట్ర ఆహార కమిషన్‌కి రాద్దాం. మా ఊళ్ళో పేర్లు పోయినవాళ్ళు కూడా ఉన్నారు, కలిసే పంపిద్దాం.